తాకత్ సూది

"అంజమ్మా! గౌలిపుర అంజమ్మా!"

హైమవతి రెండోసారి కేకేసింది. లోపల కిరసనాయిలు స్టవ్వు మీద గాజు సిరంజీలు గిన్నెలో గలగలమంటూ మరుగుతున్నాయి. ఆమె రెండు అరచేతుల మధ్య చిన్న మందు సీసా పెట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తోంది. ఇది నూనె మందు. చల్లగా ఉంటే సూదిలోకి ఎక్కదు, ఎక్కినా కండలోకి దిగదు. కాసేపు చేతి వేడి తగిలితే గానీ దాని బెట్టు సడలదు.

రోజూ ఈ పని నర్సు కమలకుమారిది. హైమవతి పని గల్లీలు తిరగడం, ఇల్లిల్లూ ఎక్కి దిగి ఆడవాళ్ళను కూడగట్టి పంపడం. కమలకుమారి సెలవు పెట్టింది గనక ఇవాళ సూది పని కూడా ఈమె మెడకే చుట్టుకుంది. బయట బోర్డు మీద 'మహిళా ఆరోగ్య పరిశోధన కేంద్రం' అని బారెడు అక్షరాలున్నాయి గానీ, ఉన్నదల్లా ఓ పాత నవాబుల దేవిడీలో అద్దెకు తీసుకున్న మూడు గదులూ, పెచ్చులూడిన వరండా, ఎవరూ చదవని గోడ పోస్టర్లూ.

వరండాలో చాప మీంచి ఓ పిల్ల లేచింది. పిల్లే మరి, ఇరవై నిండాయో లేదో. గాజులు మోచేతి దాకా తోసుకుంటూ గబగబా లోపలికొచ్చి, బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని, చీర తానే సర్దుకుంది. అలవాటైన పడక అది.

హైమవతి దూదిని స్పిరిట్‌లో ముంచి, అప్పుడు మొహంలోకి చూసింది.

"నువ్వు అంజమ్మవి కాదే! అంజమ్మ నాకు తెలుసు, ఎల్లుబాయి పెద్దకోడలు. నువ్వు చిన్నకోడలివి కదూ, సుగుణవి?"

"అవునమ్మా. బర్రె ఈనేటట్టున్నది. మా యారాలు దాని దగ్గర కూసున్నది. మా అత్త నన్ను తోలింది."

"మీ తోటికోడలి కార్డు మీద నువ్వొస్తే ఎలాగమ్మా?"

"గిదేమన్న కొత్తనా?" సుగుణ నవ్వింది. "మొదటిసారి ఒక్కటే మా యారాలు వచ్చింది. నడుము గుంజిందని మళ్ళ ఒల్లనన్నది. గప్పటిసంది నేనే వస్తున్న. రేషన్ లైన్‌ల ఎవరు నిలవడితే ఏంది, శక్కర ఇంటికే వస్తది గద. మా ఇంట్ల గంతే. పాలు పిండుడు ఒగరు, పెండ తీసుడు ఒగరు, దవాఖానకు ఒగరు. ఎవరు ఖాళీగుంటే ఆళ్ళు."

దూది పట్టుకున్న హైమవతి చెయ్యి ఆగింది.

"నీకు పిల్లలా?"

సుగుణ మొహంలో నవ్వు పోయింది. "లేరమ్మా. గందుకే గద మా అత్త నన్ను తోలేది. తాకత్ వస్తే కడుపు నిలుస్తది, నువ్వే పోవే అన్నది. తాకత్ సూది అని నువ్వే చెప్తివట గద."

చెప్పింది. దాచడానికేముంది, ఎల్లుబాయి వాకిట్లో పీట మీద కూర్చుని, ఆమె పోసిన చాయ్ తాగుతూ చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపే సూది అని గౌలిపురలో నోరు జారితే చీపురు తిరగేసేవాళ్ళు. ఎమర్జెన్సీలో మొగాళ్ళను లారీలెక్కించి తీసుకుపోయి కత్తులు పెట్టిన రోజులు ఆ గల్లీలు మరిచిపోలేదు. 'తాకత్ సూది, ఒంటికి బలం, సర్కారుది, దమ్మిడీ ఖర్చు లేదు' అంటే మాత్రం నవ్వుతూ వచ్చారు. ఒక్కొక్కళ్ళ బొటనవేలు పట్టుకుని, సిరా అద్ది, కాగితం మీద తనే నొక్కింది. రెండు నెలలకో సూది. కొత్త మందు. ఎవరి ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఇంకా చూస్తున్నారంతే. ఇద్దరు బిడ్డలు పుట్టి, ఇక చాలనుకున్న తల్లులకే వెయ్యాలని నియమం.

"నెలనెలా బయట చేరుతున్నావా?" అడిగింది హైమవతి.

"లేదమ్మా. రెండో సూదికే బందయింది. నర్సమ్మను అడిగితే 'ఆగిందా, ఏం ఫరవాలేదు, మంచిదే' అన్నది. నేను మా అత్తకు చెప్పిన. గల్లీ గల్లంత లడ్డూలు పంచింది మా అత్త. మా అవ్వగారోళ్ళు చీర వెట్టిపోయిన్రు. నెలలు గడిచె, కడుపు కనవడదాయె. కాన్పుల దవాఖానకు తీస్కవోతే డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, ఏం లేదు పొమ్మన్నది." సుగుణ గోడ వైపు మొహం తిప్పుకుంది. "దొంగ కడుపు చెప్పిన అంటున్నరు. నేనెందుకు చెప్త గట్ల? మా ఆయన నాతోటి మాట్లాడుడే బందు వెట్టిండు. బేస్తారం నాడు ఇంకో పిల్లను చూడవోతున్నరు. ఆషాఢం రాకముందే ఖాయం చేస్తరట."

"గురువారమా? ఈ గురువారమేనా?"

"గదే. ఎయ్యమ్మా జల్ది, చెయ్యి ఆగిందేంది? తాకత్ రానియ్యి."

ఈ పిల్ల తన కడుపు మీద తానే తాళం వేయించుకుంటూ, ఆ తాళం కోసం కాళ్ళావేళ్ళా పడుతోంది. వేసిన చెయ్యి కమలకుమారిది కావచ్చు, వేయించిన నోరు ఎవరిది?

"నీకు ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇవాళ వెయ్యకూడదు, లే."

"జరం లేదమ్మా! పట్టి చూడు. నీ కాల్మొక్త, గీ ఒక్కటి ఎయ్యి."

హైమవతి పట్టి చూడలేదు. పగలగొట్టని సీసాను తీసి ట్రేలో వెనక్కి పెట్టేసి, స్టవ్వు ఆర్పడానికి అటు తిరిగింది.

*

డాక్టర్ రాధాకృష్ణమూర్తి చెడ్డవాడని ఎవరూ అనలేరు. హైమవతిది గుడివాడ, ఆయనది ఆ పక్కనే. ఊళ్ళో పరిచయం లేకపోయినా యాస విని పిలిచి ఉద్యోగమిచ్చాడు. ఈ పరిశోధన పూర్తయితే పర్మనెంటు చేయిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఇప్పుడాయన బల్ల వెనక కూర్చుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ, ఆమె చెప్పినదంతా విన్నాడు.

"ఈ సంగతి ఇంకెవరికన్నా తెలుసా?"

"లేదండీ."

"తెలియకూడదు." మూత టక్కున పెట్టాడు. "ఏం మందో చెప్పకుండా వేస్తున్నామని మహిళా సంఘం వాళ్ళు కోర్టుకెక్కారు, తెలుసుగా. కోర్టు వాళ్ళు ఓ వకీలును కమిషనరుగా పంపుతున్నారు. గురువారం ఇక్కడికొచ్చి ఆడవాళ్ళను అడుగుతాడు, నిన్నూ అడుగుతాడు. నువ్వు అన్నీ వివరంగా చెప్పానంటావు. వాళ్ళు అవునంటారు. ఆ అంజమ్మనే పిలిపించు. కార్డు ఆవిడది, వేలిముద్ర ఆవిడది. చిన్నదాని ఊసు ఎత్తకు."

"ఆ పిల్ల కాపురం పోతోందండీ. మన మందు వల్ల."

"తాకత్ సూది అని నేను చెప్పమన్నానా నిన్ను?"

హైమవతికి ఒళ్ళు మండింది. "మంది కావాలి, ఎలా చెప్తావో నీ తంటాలు అన్నారు."

ఆయన కిటికీ వైపు చూశాడు. బయట ఎవరో గాజుల మలారం దింపుకుని చెమట తుడుచుకుంటున్నాడు. చార్మినార్ నుంచి మోసుకొచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"చూడమ్మా హైమవతీ. ఈ మందు నిలబడిందంటే ఈ ఆడవాళ్ళకు కత్తి గండం తప్పుతుంది. ఏటా ఒక బిడ్డను కని పీక్కుపోయేవాళ్ళను నువ్వు చూడలేదూ? ఒక ఇంట్లో పొరపాటు జరిగిందని అంతా మూతపడితే ఎవరికి లాభం? ఆ పిల్లకు సూది ఆపేశావుగా, మెల్లగా అదే సర్దుకుంటుంది."

"ఎప్పటికండీ?"

ఆయన పెన్ను మూత మళ్ళీ తీశాడు. "నీది టెంపరరీ ఉద్యోగం, గుర్తుందిగా" అన్నాడు, కసురుకోకుండా, పిల్లలకు గొడుగు మర్చిపోకండని చెప్పినంత మెత్తగా.

*

బుధవారం పొద్దున్నే హైమవతి గౌలిపుర వెళ్ళింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ నడిచింది. ఎల్లుబాయమ్మా, నా వల్ల తప్పు జరిగింది. కాదు, అది తాకత్ సూది కాదు అని మొదలుపెట్టాలి. కాదు, ముందు సుగుణను పక్కన కూర్చోబెట్టుకోవాలి. గల్లీ మలుపు తిరిగేసరికి పచ్చిగడ్డి వాసనా పేడ వాసనా ఒక్కసారి ముక్కుకు తగిలి, కూర్చిన మాటలన్నీ చెదిరిపోయాయి.

వాకిట్లో సందడిగా ఉంది. బర్రె ఈనింది. దుడ్డె కాళ్ళు నిలదొక్కుకోలేక తూలుతుంటే అంజమ్మ గోనెపట్టాతో దాని ఒళ్ళు రుద్దుతోంది. పశువుల డాక్టరు ప్యాంటు పైకి మడుచుకుని బర్రె పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో లావుపాటి సూది.

"ఇది మాయ పడటానికమ్మా" అంటున్నాడు ఎల్లుబాయితో. "ఇంకా పడలేదు కదా. వేస్తే తొందరగా పడుతుంది. ఒక్కో గొడ్డుకు మాత్రం పాలు కొంచెం తగ్గుతాయి, రెండు మూడు రోజులు."

ఎల్లుబాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని బర్రెను ఓ చుట్టు చుట్టి చూసింది. అరవై దాటినా పాల బిందె చంకనెత్తే మనిషి. "వద్దు సారు. పొద్దుగూకే దాక చూస్త. గప్పటికి పడకుంటే కబురంప్త."

"నీ ఇష్టం" అని అతను సూదిని పెట్టెలో పెట్టుకుని చక్కా పోయాడు.

హైమవతి అది చూసింది. చూసి ఎక్కడ నిలబడాలో తెలియనట్టు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏందమ్మో సూదులమ్మా, గాడనే నిలవడితివి! రా రా, మంచి యాళ్ళకొచ్చినవ్. జున్ను తిని పోవాలె."

అంజమ్మ బర్రె కింద కూర్చుని ముర్రుపాలు పిండుతోంది. పసుపుపచ్చటి పాలు చిక్కగా, తాళ్ళలా గిన్నెలోకి దిగుతున్నాయి. గిన్నె నిండేసరికి గోడవార నిలబడ్డ సుగుణ ముందుకొచ్చి చేతులు చాపింది.

"నువ్వు ముట్టకు!" ఎల్లుబాయి గొంతు విసురుగా వచ్చింది. "కొత్తగ ఈనిన బర్రె. నీ చెయ్యి దూరం పెట్టు."

సుగుణ చాపిన చేతులు వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది. హైమవతిని చూసి మాత్రం కొద్దిగా నవ్వింది, 'జరం తగ్గింది' అన్నట్టు తన నుదురు ముట్టుకుని చూపించింది.

"ఎల్లుబాయమ్మా, నీతో ఒక మాట..."

"చెప్పు బిడ్డా."

సరిగ్గా అప్పుడే చిన్నకొడుకు బాలకిషన్ సైకిలు దిగాడు, ఖాళీ పాలక్యాన్లు గణగణలాడించుకుంటూ. "అమ్మా, రేపటికి ఆటో మాట్లాడిన. పొద్దటిసందే మనతోనే ఉంటడు." పెళ్ళాం నిలబడ్డ వైపు చూడకుండా క్యాన్లు దింపుకుని లోపలికి పోయాడు.

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు? హైమవతి నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చిన మాట వేరే అయింది.

"రేపు అంజమ్మను ఒకసారి కేంద్రానికి పంపించమ్మా. కోర్టు తరఫున ఒకాయన వస్తున్నారు. సూది గురించి అడుగుతారు. అన్నీ చెప్పే వేశారు అనమను."

"కోర్టా? ఏమన్న లొల్లా?"

"లొల్లేం లేదు. రెండు మాటలు అడుగుతారంతే."

"గంతే గద! ఫికర్ చెయ్యకు. నీ ముచ్చట మేం కాదంటమా? నేను గూడ వస్త. గట్నుంచి గటే ఆటోల పిల్లను చూడవోతం." అని ఎల్లుబాయి స్టీలు గిన్నెలో జున్ను పాలు పోసి, మూత పెట్టి, అది ఒలకకుండా పాతగుడ్డతో కట్టి హైమవతి చేతుల్లో పెట్టింది. "బెల్లమేసి ఉడకవెట్టుకో. మీ పిల్లలకు పెట్టు."

సాయంత్రం ఆమె భర్త శ్రీహరిరావు ఆఫీసు నుంచి వచ్చి, జున్ను చూసి ముచ్చటపడి ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. సంగతంతా విని ముక్క మింగి, "మనకెందుకే కోర్టుల గొడవ? అవునను, సంతకం గిలికి బయటపడు. ఎవరి ఖర్మకు ఎవరు కర్తలు?" అన్నాడు. హైమవతి ఆ జున్ను నోట పెట్టలేదు. గిన్నె కడిగి, తిరిగి ఇవ్వాల్సిన గిన్నె గనక, తన సంచిలో పెట్టుకుంది.

*

కమిషనరుగా వచ్చిన వకీలు పేరు సోమశేఖర్. నల్లకోటు మోచేతుల దగ్గర మెరుస్తోంది. పెద్ద ఆర్భాటమేమీ లేదు. కుర్చీ వరండాలోకి తెప్పించుకుని, అట్ట మీద కాగితాలు పెట్టుకుని, ఒక్కొక్కళ్ళనూ 'అమ్మా' అని పిలుస్తూ, వాళ్ళు చెప్పింది నిదానంగా రాసుకుంటున్నాడు. పక్కనే రాధాకృష్ణమూర్తి ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. సిరా పెట్టె పట్టుకుని హైమవతి. వేలిముద్రలు వేయించే పని ఆమెకే అప్పజెప్పారు. అలవాటున్న మనిషి మరి.

అంతా డాక్టరు అనుకున్నట్టే నడుస్తోంది. ఒకావిడ 'అన్ని చెప్పిన్రు సారు' అంది. ఇంకొకావిడ 'సూదులమ్మ మంచిది' అంది. హైమవతి ఒక్కొక్కరి బొటనవేలూ పట్టుకుని నొక్కుతోంది. నొక్కిన ప్రతిసారీ ఆమె చేతికే ఎక్కువ సిరా అంటుతోంది.

వీధిలో ఆటో ఆగి ఉంది. బాలకిషన్ కొత్త చొక్కా తొడుక్కుని దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆటో అతను తల బయటపెట్టి, "ఔర్ కిత్తీ దేర్ భాయ్?" అని, ఇంకా ఎంతసేపని విసుక్కుంటున్నాడు.

అంజమ్మ వంతు వచ్చింది. ఎల్లుబాయి పక్కనే కూర్చుంది, పట్టంచు చీర కట్టుకుని, పిల్లను చూడబోయే కళలో. అంజమ్మ తల వంచుకుని, నేర్పినట్టే, "అన్ని చెప్పే ఏసిన్రు సారు" అంది.

సోమశేఖర్ రాసుకున్నాడు. "సరే అమ్మా. వేలిముద్ర వెయ్యి."

హైమవతి అంజమ్మ వేలి మీదికి వంగింది. వంగినప్పుడు కనబడింది. వరండా చివర, స్తంభం చాటున సుగుణ. ఇంట్లో పనంతా చేసి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకు గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. చేతిలో తోటికోడలి కార్డు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తేలేదు. హైమవతి చూపు తగలగానే గుసగుసగా అంది: "జరం తగ్గిందమ్మా. ఇయ్యాల ఎయ్యి."

హైమవతి అంజమ్మ వేలు వదిలేసింది.

"ఇంక మీరు చెప్పండమ్మా" అంటున్నాడు సోమశేఖర్. "ఈ సూది దేనికని మీరు వీళ్ళకు చెప్పారు?"

డాక్టరు ఆమె వైపు చూశాడు. చాప మీది ఆడవాళ్ళంతా చూశారు, కోపంగా కాదు, మనిషిని నమ్మి చూసే చూపు. ఆ చూపే హైమవతి తట్టుకోలేకపోయింది. కమిషనరుకు జవాబు చెప్పకుండా ఆమె ఎల్లుబాయి వైపు తిరిగింది.

"ఎల్లుబాయమ్మా, అంజమ్మ పేరు మీద ఇన్నాళ్ళూ ఇక్కడికి ఎవరిని పంపావు?"

"చిన్నదాన్ని. నీకు తెల్వదా?" అంది ఎల్లుబాయి తేలిగ్గా. "పెద్దది భయపడ్డది. ఇంట్ల ఎవలో ఒకరు ఏసుకుంటే ఏంది?"

సోమశేఖర్ కలం ఆగింది. "చిన్నకోడలా? ఆమెకు పిల్లలెంతమంది?"

"పిల్లలేడున్నరు సారు! ఉంటే గీ తిప్పలెందుకు? పిల్లలు కావాలనే గద సూదికి తోలితి. తాకత్ వస్తదని గీ అమ్మనే చెప్పె."

రాధాకృష్ణమూర్తి అడుగు ముందుకేశాడు. "వకీలు గారూ, ఇది వాళ్ళ ఇంట్లో జరిగిన పొరపాటు. మా నియమాల ప్రకారం..."

"ఒక్క నిమిషం డాక్టరు గారూ." సోమశేఖర్ ఆయన వైపు చూడకుండానే చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంది. చూపు మాత్రం హైమవతి మీదే ఉంది. ఆయనకు అర్థమైపోయింది. ఏం సూదో తెలిసి ఉంటే ఈ ముసలావిడ బిడ్డల్లేని కోడలిని చచ్చినా పంపదు. ఇక దానికి వేరే సాక్ష్యమెందుకు?

"అమ్మా, వీళ్ళకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తానండీ" అంది హైమవతి. సిరా పెట్టె గోడవార పెట్టింది. సుగుణ దగ్గరికి నడిచింది, ఆ పిల్ల చేతిలోని కార్డు తీసుకుంది. "ఇది బలానికి కాదు సుగుణా. పిల్లలు పుట్టకుండా ఆపే సూది. కొత్త మందు, పరీక్ష చేస్తున్నారు. నీ బహిష్టు ఆగింది దీనివల్లే. నువ్వు దొంగ కడుపు చెప్పలేదు. నేను అబద్ధం చెప్పాను. మీ అందరికీ అబద్ధమే చెప్పాను."

వరండాలో అందరి గొంతులూ ఒక్కసారే లేచాయి. ఒకావిడ తన నడుం పట్టుకుని శాపనార్థాలు మొదలుపెట్టింది. ఇంకొకావిడ ఏడుపు లంకించుకుంది. ఎల్లుబాయి మాత్రం కూర్చున్న చోటే కూర్చుని చిన్నకోడలిని చూస్తోంది, అంతకుముందెన్నడూ చూడనట్టు. చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

"నిన్న నా వాకిట్ల నిలవడి చూస్తివి గద, సూదులమ్మా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "బర్రెకు సూది తెచ్చిన సారు ఏం జేసిండు? దేనికో చెప్పిండు, ఏమైతదో చెప్పిండు. వద్దంటే అవుతల పెట్టిండు. మేం బర్రెల కన్న తక్కువైతిమా నీకు? జున్ను ఇచ్చి పంపితినే నిన్న!"

హైమవతికి సంచిలో ఉన్న గిన్నె గుర్తొచ్చింది. అది బయటికి తీసే ధైర్యం లేకపోయింది.

సుగుణ మెల్లగా డాక్టరు ముందుకొచ్చి నిలబడింది. "సారూ, నాకు మళ్ళ వస్తదా? పిల్లలు అయితరా?"

రాధాకృష్ణమూర్తి జేబులో పెన్ను తడుముకున్నాడు. "అవుతారమ్మా. మందు ప్రభావం పోగానే... అవుతారనే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నరా?"

"అదే... అదే ఇప్పుడు చూస్తున్నాం" అని ఆయన ఆగిపోయాడు. తన నోటి వెంట వచ్చిన మాట తన చెవికే తగిలినట్టుంది. ఇస్త్రీ చొక్కా మెడ సవరించుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఎల్లుబాయి వరండా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళింది. "బాలకిషన్! ఆటోను పంపియ్యిరా."

"అమ్మా, ఆళ్ళు ఎదురు చూస్తుంటరు..."

"చూడనియ్యి. కబురంపు, వస్తలేమని. తప్పు మనతాన్నే ఉన్నది, దాని దగ్గర లేదు." వాడు ఏదో అడగబోతే, "చెప్త పా, ఇంట్ల చెప్త" అని గద్దించింది. ఆటో అతను సణుక్కుంటూ బండి తిప్పుకుని పోయాడు. బాలకిషన్ కొత్త చొక్కా గుండీ ఒకటి తిప్పుకుంటూ, చాలా రోజుల తర్వాత పెళ్ళాం ఉన్న వైపు చూశాడు.

ఈలోగా సోమశేఖర్ సుగుణ చేత అంతా చెప్పించుకుని రాసుకున్నాడు. సూదులు, నర్సు మాట, లడ్డూలు, కాన్పుల దవాఖాన, దొంగ కడుపు. కాగితాలు రెండు నిండాయి. "అయింది తల్లీ. ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అని అట్ట ఇటు తిప్పాడు.

హైమవతి సిరా పెట్టె తెచ్చి, అలవాటుకొద్దీ సుగుణ బొటనవేలు పట్టుకోబోయింది.

సుగుణ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆగమ్మా" అంది. తర్వాత వకీలు వైపు తిరిగింది. "సారూ, గండ్ల ఏం రాసినవో మొదలు సదివి చెప్పు. గీ ముద్ర దేనికో, ఏస్తే నాకేమైతదో గూడ చెప్పు. గప్పుడు ఏస్త."

సోమశేఖర్ ఆ పిల్ల మొహం ఒకసారి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మొదటి కాగితం పైకి తీశాడు. "మంచిదమ్మా. ఇది కోర్టుకు పోతుంది. నువ్వు చెప్పింది జడ్జీ గారు చదువుతారు. ఇందులో ఏదన్నా తప్పుంటే దిద్దమను" అని, మొదటి వాక్యం నుంచీ చదవడం మొదలుపెట్టాడు.

ఎల్లుబాయి మెట్లెక్కి వచ్చింది. కోడలి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, కొంగు సర్దుకుంది. "పా బిడ్డా, ఇంటికి పోదం. పాలు పిండే యాళ్ళయింది. కొత్తగ ఈనిన బర్రె పాలు ఇయ్యాల నువ్వు పిండు."

సుగుణ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా కదల్లేదు.

"ఆగత్తా. సారు సదువుతున్నడు."

ఎల్లుబాయి పక్కనే చాప మీద కూలబడింది. సోమశేఖర్ చదువుతున్నాడు. 'ఆరోగ్య కేంద్రం ఉద్యోగిని తాకత్ సూది అని చెప్పగా' అన్న చోట సుగుణ ఆపింది. "ఉద్యోగిని అంటే గీ అమ్మనేనా? పేరు రాయలేదా?" అని అడిగింది. ఆయన హైమవతి వైపు చూశాడు.

"రాయండి" అంది హైమవతి. "హైమవతి. ఇంటిపేరు కూడా రాసుకోండి, చెప్తాను."

ఆయన రాశాడు. రెండో కాగితం కూడా చివరి దాకా చదివాడు. సుగుణ ఒక చోట మళ్ళీ చదవమంది, చదివాడు. అప్పుడామె సిరా పెట్టె తన వైపు జరుపుకుని, బొటనవేలు తానే అద్ది, చూపించిన చోట తానే నొక్కి, ముద్ర సరిగ్గా పడిందో లేదో వంగి చూసుకుంది.

హైమవతి దూదిని స్పిరిట్‌లో ముంచి అందించింది, వేలు తుడుచుకోమని.

సుగుణ ఆ దూది తీసుకోలేదు. వేలిని తన కొంగుకు తుడుచుకుని, అత్తను లేవదీసి, పాలు పిండడానికి ఇంటికి బయలుదేరింది.